సగం క్లోమం

"కళ్ళతో చూస్తే తెలీదు మాస్టారూ. చేత్తో పట్టుకుని చూడండి," అంది డాక్టరమ్మ.

మాస్టారు గ్లవ్స్ తొడుక్కుని స్టీలు పళ్ళెం మీదికి వంగారు. ఆయన ఏనాడూ బడిలో పాఠం చెప్పిన మనిషి కాదు. పోలీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎవరి మీదా గొంతెత్తకుండా, అడిగిన ప్రశ్ననే అటు తిప్పి ఇటు తిప్పి అడిగి నిజం రాబట్టేవారని తోటివాళ్ళు పెట్టిన పేరది. రిటైరై ప్రైవేటు డిటెక్టివ్ అయ్యాక కూడా ఆ పేరు ఆయన్ని వదల్లేదు.

పళ్ళెంలో ఉన్నది క్లోమం. జానెడు పొడవు, రెండు వేళ్ళ వెడల్పు. ఈ వారం మొదటి వరకు అది ఒక మనిషి ఒంట్లో, జీర్ణాశయం వెనక, వెన్నెముకకు అడ్డంగా పడుకుని ఉన్న గ్రంథి. ఆ మనిషి కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు సానపట్టేవాడు. నలభై నిండలేదు. రాత్రి ఇంట్లో భోంచేసి, తెల్లవారుజామున రక్తం కక్కుకుని, ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం విడిచాడు. ఆ భోజనం వండిపెట్టిన భార్య ఇప్పుడు పోలీసు కస్టడీలో ఉంది. విషం పెట్టిందని ఆరోపణ.

ఆమెను బయటికి తెమ్మని మాస్టారిని బతిమాలింది ఆమె పుట్టింటివాళ్ళు కాదు. చనిపోయినవాడి సొంత అక్క. వేరే ఊరినుంచి బస్సు దిగి నేరుగా ఆయన గుమ్మంలోకి వచ్చింది. "మా మరదలు వాడికి విషం పెట్టిందంటే నేను పెట్టినట్టేనండీ," అంది.

మాస్టారు బొటనవేలితో గ్రంథిని మెల్లగా నొక్కుతూ పోయారు. కుడివైపు మెత్తగా, వేలు దిగబడేలా ఉంది. మధ్యకు వచ్చేసరికి వేలు టక్కున ఆగిపోయింది. అక్కణ్ణుంచి ఎడమ చివర దాకా పాత చెప్పు అట్టలా ఒకటే గట్టి.

"ఇద్దరు వేరువేరు మనుషులవి తెచ్చి అతికించినట్టుంది," అన్నారు.

"నాకూ మొదట అలాగే అనిపించింది," అంది డాక్టరమ్మ.

"ఏం మాస్టారూ, శవాల గదిలో కూడా ట్యూషనేనా?"

తలుపు దగ్గర ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు. ఈ కేసు అతనిది. మనిషి నిటారుగా, మాట చురుగ్గా ఉంటాడు. పై అధికారుల దగ్గర మంచి పేరుంది. ప్రైవేటు డిటెక్టివ్ అన్న మాట వింటేనే ఒంటికాలి మీద లేస్తాడు.

"డాక్టరమ్మా, విషం అని ఒక్క ముక్క రాయడానికి ఇంకెన్నాళ్ళు పడుతుంది?"

"కడుపులో ఇంతవరకు ఏ విషమూ దొరకలేదు. ల్యాబ్ నుంచి ఆఖరి రిపోర్టు రావాలి."

"కొన్ని పురుగుమందులు ఈ గ్రంథిని కాల్చేస్తాయని మీరే అన్నారు. ఆవిడ పనిచేసేది మొక్కల నర్సరీలో. ఇంట్లో పురుగుమందు డబ్బా దొరికింది. ఇంకేం కావాలి?"

"కాల్చేస్తాయి. కానీ ఇలా కాదు." డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. "ఇద్దరూ వినండి, మళ్ళీ మళ్ళీ చెప్పలేను. ఈ గ్రంథిలోని కణాలు అన్నం అరిగించే రసాలు తయారుచేస్తాయి. ఆ రసాలు ఒక సన్నటి గొట్టం గుండా పేగులోకి పోయాక గానీ వాటికి పదును రాకూడదు. కణం దెబ్బతిన్నా, గొట్టం మూసుకుపోయినా ఆ పదును లోపలే వచ్చేస్తుంది. కణం తనను తానే అరిగించుకుని చచ్చిపోతుంది."

"చచ్చిపోతే?"

"చస్తూ చస్తూ చుట్టుపక్కలకి కబురు పెడుతుంది. ఆ కబురు కోసం ఇంకో రకం కణాలు కాచుకుని ఉంటాయి. నక్షత్రంలా కొమ్ములు కొమ్ములుగా ఉంటాయి. మామూలు రోజుల్లో ఓ మూల పడుకుని నిద్రపోతుంటాయి. కబురందగానే లేచి గాయం చుట్టూ నార నేస్తాయి. పాపం, కుట్లు వేస్తున్నామనుకుంటాయి. గాయం ఒక్కసారితో ఆగిపోతే ఆ నార కరిగిపోతుంది, మనిషి కోలుకుంటాడు. ఆగకుండా గాయం మీద గాయమైతే అవి నేయడం ఆపలేవు. కణం పోయిన చోటల్లా నార మిగులుతుంది. అదే మచ్చ. మీరు వేలితో నొక్కింది దాన్నే."

"అంటే ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా పెట్టిందన్నమాట," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఆ మాట అంటారని తెలుసు. విషమైనా సారాయైనా వచ్చేది రక్తంలోనే. రక్తం రెండువైపులా పారుతుంది. కాలితే మొత్తం కాలాలి. ఇక్కడ సగం పసిబిడ్డదిలా ఉంది."

మాస్టారు గట్టిదనం మొదలైన చోట వేలు పెట్టారు. "ఇది సరిగ్గా వెన్నెముక మీద ఉండే చోటు కదూ?"

"అవును. అక్కడ గొట్టం నలిగి మూసుకుపోయింది. ఆనకట్ట వెనక నీళ్ళు నిలిచినట్టు రసం నిలిచిపోయింది. తిన్నప్పుడల్లా రసం ఊరుతుంది, పోయే దారి లేదు, కణాలు చస్తాయి, మచ్చ పెరుగుతుంది. చివరికి ఆ వెనక ఒక తిత్తి కట్టి పక్కనున్న రక్తనాళాన్ని తినేసింది. అది పగిలింది."

"నలగడమంటే?"

"ముందునుంచి ఏదో బలంగా తగిలింది. వెనక వెన్నెముక ఉంది. మధ్యలో ఇది. కారు స్టీరింగ్ కావచ్చు, సైకిల్ హ్యాండిల్ కావచ్చు, గోడకు ఆనుకున్న మనిషికి తగిలిన తన్ను కావచ్చు. పైన చర్మం మీద గీత కూడా పడకపోవచ్చు."

"ఎప్పటి దెబ్బ?"

"పదేళ్ళ పైమాటే. అంతకంటే నేను చెప్పలేను."

చనిపోయినవాడికి పెళ్ళై ఆరేళ్ళే. మాస్టారు ఇన్‌స్పెక్టర్ వైపు చూశారు.

"ఎప్పుడో తగిలిన దెబ్బకి ఇప్పుడు చచ్చిపోతాడా?" ఇన్‌స్పెక్టర్ నవ్వాడు.

"చచ్చిపోయాడు కదండీ," అంది డాక్టరమ్మ.

నవ్వు ఆగిపోయింది. అతను మాస్టారి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "చూడండి, ఆ మనిషిని నేను స్ట్రెచర్ మీద చూశాను. ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ లేవు. ఇన్నేళ్ళు ఎవరో అతన్ని నంజుకుతిన్నారు. వాళ్ళని మాత్రం నేను వదలను." ఆ మాట అతను మనసులోంచే అన్నాడు. అందుకే మాస్టారు ఎదురు చెప్పలేదు.

"ఇల్లు ఒకసారి చూపిస్తారా?" అని మాత్రం అడిగారు.

*

సీలు తీసి లోపలికి అడుగుపెట్టగానే ఇన్‌స్పెక్టర్ వంటగదిలోకి దారితీశాడు. చిన్న ఇల్లు. ఒక గది, ఒక వంటగది. కిటికీలో చిన్న చిన్న కుండీలు, నాలుగు రోజులుగా నీళ్ళు లేక వేలాడుతున్న ఆకులు.

"ఇదిగో, రెండు గిన్నెలు. ఒకటి అతనికి, ఒకటి ఆవిడకి. పక్కింటావిడ కళ్ళారా చూసి చెప్పింది. మొగుడికి విడిగా వండిపెట్టే భార్యని మీరెక్కడైనా చూశారా? పైగా అతనే దుకాణం యజమానితో అన్నాడట, ఇంట్లో తిన్నానంటే కడుపులో నిప్పు పోసినట్టుంటుందని."

"ఆ యజమానితో నిన్న నేనూ మాట్లాడాను. బయట తిన్నప్పుడు నొప్పి వచ్చేదా అని అడిగాను."

"ఏమన్నాడు?"

"బయట పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదన్నాడు. ఇంట్లో తప్ప తిననివాడికి నొప్పి ఇంట్లో కాక ఎక్కడొస్తుంది?"

ఇన్‌స్పెక్టర్ మొహం చిట్లించాడు. మాస్టారు మొదటి గిన్నె అందుకుని లోపల వేలితో రాశారు. వేలికి జిడ్డు అంటలేదు. ఎన్నాళ్ళ నుంచో నూనె ఎరగని గిన్నె అది. రెండో గిన్నె అలమరలో వెనక్కి నెట్టి ఉంది. దాన్ని బయటికి లాగితే అడుగున దుమ్ము.

"వేరుగా వండిన మాట నిజమే. మొదట్లో. ఆయనకి నూనె పడదు, కొవ్వు తగిలితే ఈ గ్రంథికి పని ఎక్కువ, నొప్పి ఎక్కువ. ఏ డాక్టరూ చెప్పకుండానే ఆ అమ్మాయి కనిపెట్టింది. కొన్నాళ్ళకి తన గిన్నె పక్కన పడేసింది." మాస్టారు గిన్నెను దాని చోట పెట్టారు. "ఆ ఉడికిన చప్పిడి తిండే తనూ తింది. విషం కలిపే మనిషి అదే గిన్నెలోంచి వడ్డించుకుంటుందా?"

"పడకగది కూడా చూడండి. అప్పుడు మాట్లాడండి."

పడకగది అంటే మిగిలిన ఆ ఒక్క గదే. మంచం మీద దుప్పటి మడత నలగలేదు. కిటికీ దగ్గర ఒక బల్ల, బల్లకు ఆనించి రెండు కుర్చీలు. ఒక కుర్చీలో తలగడ.

"ఒక మంచం మీద పడుకునేవాళ్ళు కాదు. కాపురం ఎంత సవ్యంగా ఉందో తెలియట్లేదా?"

మాస్టారు తలగడ ఉన్న కుర్చీలో కూర్చున్నారు. తలగడను పొట్టకూ బల్లకూ మధ్య ఇరికించి ముందుకు వంగి, నుదురు బల్ల మీద ఆనించారు. మోచేతులు వాటంతట అవే రెండు చోట్ల కుదురుకున్నాయి. అక్కడ బల్ల రంగు అరిగి తెల్లబడి ఉంది.

"ఈ నొప్పి ఉన్నవాళ్ళు వెల్లకిలా పడుకోలేరు. ఇలా వంగితేనే కాస్త ప్రాణం కుదుటపడుతుంది. పడుకోవడమంటే ఆయనకి ఇదే." లేచి పక్క కుర్చీ ముందు బల్లను చూపించారు. "ఇక్కడ చూడండి. ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళది ఒక్క మోచేతి గుర్తే ఉంది. రెండో చెయ్యి ఎక్కడుండేది?"

ఇన్‌స్పెక్టర్ వంగి ఆ గుర్తును చూశాడు.

"ఆయన వీపు మీద," అన్నారు మాస్టారు.

ముందురోజు కస్టడీలో ఆ అమ్మాయిని కలిసినప్పుడు ఆమె అన్న మాట మాస్టారికి గుర్తొచ్చింది. తన మీద కేసేంటని అడగలేదు, లాయరెవరని అడగలేదు. "రోజూ మెలకువగానే ఉండేదాన్నండీ. ఆ రోజే కన్నంటుకుంది. ఆయన నన్ను లేపలేదు. ఎందుకు లేపలేదంటారు?" అని అడిగింది.

ఇన్‌స్పెక్టర్ కిటికీ వైపు తిరిగి వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. "సరే. దెబ్బ అంటున్నారు. కొట్టిందెవరో చెప్పండి. మనిషిని చూపించండి, ఈ క్షణమే సంకెళ్ళు వేస్తాను. అంతవరకు ఆవిడే నా ముద్దాయి."

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. చనిపోయినవాడి అక్క వచ్చింది. మాస్టారే రమ్మని కబురు పెట్టారు. గడప దగ్గర ఆగి, బల్ల ముందున్న తలగడ వంక చూసి, కళ్ళు దించుకుని మంచం అంచున కూర్చుంది. కిటికీ దగ్గర అటు తిరిగి ఉన్న మనిషిని ఆవిడ పట్టించుకోలేదు. ఆవిడ వాంగ్మూలం రాసుకున్నది ఓ కానిస్టేబుల్. ఇన్‌స్పెక్టర్‌ని ఆవిడ ఇంతవరకు చూడలేదు.

"అమ్మా, ఒక్క సంగతి. ఏళ్ళ కిందట తగిలిన దెబ్బే మీ తమ్ముడి ప్రాణం తీసిందంటోంది డాక్టరమ్మ. పెళ్ళికి ముందు అతనికి ఏదైనా యాక్సిడెంట్ అయిందా?"

"లేదండీ."

"సైకిల్ మీంచి పడ్డాడా?"

"వాడికి సైకిలే రాదు. నేర్పిద్దామంటే భయపడి ఏడ్చేవాడు." ఆవిడ పెదవుల మీద నవ్వులాంటిది వచ్చి పోయింది.

"కడుపు మీద ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?"

"లేదండీ."

"ఎవరైనా కొట్టారా?"

ఈసారి 'లేదండీ' రాలేదు. మాస్టారు తొందరపెట్టలేదు. ఆవిడ ఒళ్ళో ఉన్న సంచి పట్టీని వేళ్ళకు చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉండిపోయింది.

"ఎవరికీ చెప్పనని వాడికి మాటిచ్చానండీ. మరదలికి కూడా చెప్పలేదు. పరువు తక్కువని కాదు. ఆ పిల్ల తట్టుకోలేదని."

"ఇప్పుడు చెప్పకపోతే ఆ పిల్ల బయటికి రాదమ్మా."

ఆవిడ తల ఊపింది. మాటలు కూడదీసుకుని నేల చూపులు చూస్తూనే చెప్పింది.

"అప్పట్లో ఫోటో స్టూడియోలో పనిచేసేవాడు. మంచి పనివాడని అందరూ అనేవాళ్ళు. ఒకరోజు యజమాని కెమెరా పోయింది. స్టూడియోకి రెండో తాళం వాడి దగ్గరే ఉండేది. పోలీసులొచ్చి తీసుకుపోయారు. నేను పరుగున వెళ్ళాను. లోపలికి రానివ్వలేదు, బయట బెంచీ మీద కూర్చోమన్నారు. గోడ అవతల వాడి గొంతు వినిపిస్తోంది. తియ్యలేదు సార్, తియ్యలేదు సార్ అని అరుస్తున్నాడు. తర్వాత అరవడం మానేశాడు. అరుస్తున్నప్పటికంటే అప్పుడే నాకు ఎక్కువ భయమేసిందండీ."

"తర్వాత?"

"మర్నాడు ఆ కెమెరా యజమాని అల్లుడి ఇంట్లోనే దొరికింది. వాణ్ణి వదిలేశారు. రెండు చేతులతో పొట్ట పట్టుకుని, వంగిపోయి నడుచుకుంటూ వచ్చాడు. గోడకి నిలబెట్టి బూటుకాలితో తన్నారట. ఆస్పత్రికి పోదామంటే వద్దన్నాడు. ఎలా తగిలిందని అడుగుతారు, మళ్ళీ పోలీసులొస్తారు అక్కా అన్నాడు. కొన్నాళ్ళకి తగ్గింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ తగ్గింది. ఆ వంగడం వంగడమే, వాడు సరిగ్గా నిలబడగా నేను మళ్ళీ చూడలేదు."

"ఎవరు తన్నారో మీకు తెలుసా?"

"పేరు తెలీదు. కుర్రాడే, కొత్తగా వచ్చిన ఎస్సై. చొక్కా చేతులు మడుచుకుని బయటికి వచ్చాడు. అప్పుడే కడుక్కున్నట్టు చేతులు తడిగా ఉన్నాయి. 'తీసుకెళ్ళండి అక్కా, ఏమీ కాలేదు, రెండ్రోజుల్లో సర్దుకుంటుంది' అన్నాడు. నన్ను అక్కా అని పిలిచాడని..." ఆవిడ చుట్టుకున్న పట్టీని వేళ్ళ మీంచి లాగేసింది. "నేను థాంక్స్ కూడా చెప్పానండీ. నా తమ్ముణ్ణి చంపినవాడికి థాంక్స్ చెప్పి ఇంటికి తీసుకొచ్చుకున్నాను."

మాస్టారు ఏదో అనబోయారు. ఈలోగా కిటికీ దగ్గర్నుంచి, ఇటు తిరగకుండానే, ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"ఏ స్టేషన్?"

"రైల్వే గేటు పక్కదండీ. పాత మేడ. ఇప్పుడది పడగొట్టేశారట."

"ఆ కెమెరా..." అతను కిటికీ ఊచ పట్టుకున్నాడు. "ఎర్ర తోలు సంచిలో ఉండేదా?"

"అవును. పట్టీ తెగితే మా తమ్ముడే కుట్టాడు." అక్క ఆగింది. కెమెరా సంచి మాట ఆవిడ చెప్పనే లేదు. మెల్లగా తలెత్తి మొదటిసారి అటు చూసింది. "మీకెలా తెలుసు?"

ఇన్‌స్పెక్టర్ ఇటు తిరిగాడు.

జుట్టు పలచబడింది, మొహం నిండింది. అయినా ఆవిడకు ఎక్కువసేపు పట్టలేదు. మంచం అంచు పట్టుకుని లేచి నిలబడింది. తిడుతుందనుకున్నారు మాస్టారు. ఆవిడ వెనక్కి, గోడ తగిలేదాకా వెనక్కి జరిగింది. అన్నేళ్ళ తర్వాత కూడా అతన్ని చూసి భయపడింది.

అదే అతన్ని కుంగదీసింది. చేతికందిన కుర్చీలో కూలబడ్డాడు. ఒక్క మోచేతి గుర్తున్న కుర్చీ అది.

"స్ట్రెచర్ మీద చూశాను మాస్టారూ. మొహం మీద గుడ్డ తీసి మరీ చూశాను. గుర్తుపట్టలేదు. ఒట్టు, నాకతను గుర్తే లేడు."

"కెమెరా గుర్తుంది," అన్నారు మాస్టారు.

ఇన్‌స్పెక్టర్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. మాస్టారికి జాలి వేయకపోలేదు. కానీ జాలిపడే తీరిక లేదు. ఉదయం నుంచీ అతని మాటల్లో ఉన్న ధీమా ఇప్పుడు ఆయనకి వేరేగా వినిపించింది.

"ఇన్‌స్పెక్టర్, ఆ అమ్మాయి ఎక్కడుంది?"

"స్టేషన్లో."

"పొద్దున బయల్దేరేముందు మీవాళ్ళకి ఏం చెప్పి వచ్చారు?"

అతను చేతులు దించాడు.

"ఏం చెప్పి వచ్చారు?" మాస్టారు మళ్ళీ అడిగారు. ఈసారి ఆయన గొంతు లేచింది.

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి ఫోను తీశాడు. స్టేషన్ నంబరు నొక్కాడు. అక్క గోడకు అంటుకుపోయి చూస్తోంది. అవతల ఎత్తారు. ఇంత చిన్న గదిలో హెడ్ కానిస్టేబుల్ గొంతు అందరికీ వినిపించింది.

"సార్, నమస్తే సార్. ఇంకా నోరు విప్పలేదు సార్. ఏడుస్తుందే తప్ప ఒప్పుకోదు. మెత్తగా అడిగితే లాభం లేదని మీరన్నారుగా, లేడీ కానిస్టేబుళ్ళు ఇప్పుడే వెనక గదిలోకి తీసుకెళ్ళారు. పని కాగానే నేనే ఫోన్ చేస్తా సార్."

"ఆపు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆపమను!" అని అరిచాడు.

అవతల అప్పటికే ఫోను పెట్టేశారు.

మళ్ళీ నొక్కాడు. మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. మాస్టారు జీపు తాళాలు అతని జేబులోంచి లాక్కునేసరికి, అక్క వాళ్ళిద్దర్నీ దాటుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగిపోతోంది.